పైన కురిసిన వాన

జూన్ మూడో వారం దాటితే మా నూజివీడు వైపు తోటల్లో సందడి సద్దుమణుగుతుంది. బంగినపల్లి అప్పటికే అయిపోయి ఉంటుంది. చిన్న రసాలు, పెద్ద రసాలు దింపేస్తాం. చెట్టు మీద మిగిలిన కలెక్టరు కాయ గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది. నున్న మార్కెట్టు లెక్కలు తేలి, అప్పులవాళ్ళకు ఇవ్వాల్సింది ఇచ్చాక రైతు చేతిలో ఏమన్నా మిగిలితే మిగులుతుంది, లేకపోతే తీరికైనా మిగులుతుంది. డిసెంబరులో పూత మొదలైన దగ్గర్నుంచి ఆకాశం వంక చూసీ చూసీ మెడ పట్టేసిన మనిషికి ఆ తీరిక కూడా తక్కువదేం కాదు. మా ఊళ్ళ యాత్రలన్నీ అప్పుడే. ఒకప్పుడు అన్నవరం, సింహాచలం వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు పిల్లలు ఫోన్లో వీడియో చూపించి మారేడుమిల్లి అంటున్నారు. ఇందులో ఒక చిక్కుంది. మాకు తీరిక దొరికే నెలలూ కొండవాగులు పొంగే నెలలూ ఒకటే.

వాన గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదని చాలా ఏళ్ళు అనుకున్నాను. పొగరనుకుంటే పొగరే. కానీ దానికి ఆధారం లేకపోలేదు. పూత మీద జల్లు పడితే బూడిద తెగులు, తేనెమంచు పురుగు ఎలా కమ్ముకొస్తాయో తెలుసు. ఏప్రిల్‌లో పడమర నుంచి వచ్చే ఈదురుగాలికి రాత్రికి రాత్రి ఎంత కాయ నేల రాలుతుందో తెలుసు. మబ్బు రంగు చూసి, గాలి వాసన పట్టి, పనివాళ్ళను చెట్టు దింపేసిన సందర్భాలు బోలెడు. ఆ తెలివంతా తోట తెలివి. తోటలో వాన పడ్డచోటే ఇంకుతుంది. మా ఎర్రనేలలో పాదు చుట్టూ కాసేపు నిలిచి కిందికి దిగిపోతుంది. నా నెత్తిన పడితేనే నా చెట్టు తడుస్తుంది, పక్క ఊళ్ళో పడితే పక్క ఊరివాడి చెట్టు తడుస్తుంది. కొండల్లో సంగతి వేరని, అక్కడ పడ్డ వాన మన దగ్గరికి నడిచొస్తుందని నేను నేర్చుకోవడానికి ఒక చెయ్యి విరగాల్సి వచ్చింది.

కొన్నేళ్ళ కిందటి మాట. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు సెలవు మీద వచ్చాడు. అక్క, బావ, వాడు, నేను. తెల్లారే బయల్దేరాలన్నది వాడి పట్టు. నేనేమో తోటకు నీళ్ళ మోటారు మెకానిక్కు వస్తాడని కాసేపు, టిఫిన్లని కాసేపు ఆపాను. హనుమాన్ జంక్షన్ మీదుగా రాజమండ్రి, అక్కణ్ణుంచి గోకవరం, రంపచోడవరం, ఆ పైన మారేడుమిల్లి. 200 కిలోమీటర్ల పైచిలుకు దారి. దారిలో ఆగిన చోటల్లా ఆగాం. మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తినకుండా కదిలేది లేదని బావ అన్నాడు, నేను వంతపాడాను. మేం చూడాలనుకున్న జలపాతానికి నడక మొదలయ్యే చోటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కడుపు నిండుగా ఉంది, కాళ్ళకు తోలు చెప్పులున్నాయి.

ఆ జలపాతం పేరు రాయను. అమృతధార, జలతరంగిణి లాగా అందరూ ఎరిగినది కాదు. రాస్తే వచ్చే ఆదివారం అక్కడ నాలుగు ట్రావెలర్ బళ్ళు ఆగుతాయి.

రోడ్డు పక్క టీ బడ్డీ దగ్గర ఒక కొండరెడ్డి కుర్రాడు దారి చూపించడానికి ఒప్పుకున్నాడు. డబ్బు మాట అయిపోయాక అతను పైకి చూసి, "సార్, కొండ మీద మబ్బు పట్టింది. ఇప్పుడెళ్తే వాగు అడ్డం పడొచ్చు. రాత్రికి ఇక్కడే ఉండి పొద్దున్నే వెళ్దాం" అన్నాడు. మా నెత్తిన ఎండ కాస్తోంది. నేను నవ్వాను. రేపటి దాకా ఆపితే బస, భోజనం, రెండోరోజు కూలి, అన్నీ కలిపి రేటు పెంచడానికి అంటున్నాడనుకున్నాను. తూకంలో సూటు అనే తరుగు పేరుతో కాయ కోసుకునే వ్యాపారుల మధ్య బతికినవాడికి ఎవరేం చెప్పినా బేరంలాగే వినిపిస్తుంది. "మబ్బుల సంగతి నాకొదిలెయ్ నాయనా, మాది మామిడి తోట" అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా మొహం చిన్నబోతోంది.

మేనల్లుడు కుర్రాడి పక్షాన నిలబడ్డాడు. "మావయ్యా, హవాయి వెళ్ళినప్పుడు మాకూ ఇదే చెప్పారు, పైన వాన ఉంటే వాగు దాటొద్దని" అన్నాడు. హవాయి దీవుల్లో కవాయి అని ఒకటి ఉంది. దాని నడుమ ఉన్న వాయాలియాలే శిఖరం లోకంలో అతి ఎక్కువ వాన కురిసే చోట్లలో ఒకటి. ఏడాదికి సగటున 9,000 మిల్లీమీటర్లు దాటుతుంది. మా మెట్టకు వెయ్యి అటూ ఇటూ పడితే మంచి ఏడాది అంటాం. ఆ దీవి ఉత్తరపు ఒడ్డున హానకాపియై అనే 300 అడుగుల జలపాతం ఉంది. సముద్రం పక్కగా రెండు మైళ్ళు, వాగు వెంట అడవిలో ఇంకో రెండు మైళ్ళు నడిచి వెళ్ళాలట. 2014 ఏప్రిల్‌లో అక్కడి వాగు ఉన్నట్టుండి పొంగి, అవతల చిక్కుకున్న 121 మందిని హెలికాప్టర్లతో తీసుకురావాల్సి వచ్చింది. ఈ లెక్క వాడు ఆ తర్వాత ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని చెప్పాడు. ఆ రోజు సగం చెప్పేసరికే నేను, "ఒరేయ్, ఇది హవాయి కాదు, మన్యం" అని కొట్టిపారేశాను.

మోకాళ్ళ నొప్పులని అక్క బడ్డీ దగ్గరే కూర్చుండిపోయింది. ఆరోజు మేం చేసిన ఒకే ఒక్క మంచిపని అదే. అదీ తెలిసి చేసింది కాదు.

నడక బాగానే సాగింది. వెదురు పొదలు, మద్ది చెట్లు, వాన తడికి నల్లబడ్డ బండలు. మారేడుమిల్లి అడవిని వర్షారణ్యమని కొందరు రాస్తారు కానీ అది సరి కాదు. వేసవిలో ఆకు రాల్చే చెట్లే ఎక్కువ. వానాకాలంలో మాత్రం కొత్తవాడికి తేడా తెలియదు. దారిలో కొండమామిడి చెట్టు కనపడగానే నేను పాఠం మొదలుపెట్టాను. కుర్రాడు ఓపిగ్గా విని, తమ గూడెంలో మామిడి కొత్త పండగ చెయ్యందే కాయ ముట్టరని చెప్పాడు. తిన్నాక టెంక పారెయ్యరని, లోపలి జీడి ఎండబెట్టి, దంచి, నీళ్ళలో నానబెట్టి వగరు పోగొట్టి, కరువు రోజులకు అంబలి కాసుకుంటారని కూడా చెప్పాడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ మామిడి మీద బతికిన నేను టెంక అంబలి ఏనాడూ రుచి చూడలేదు. అక్కడైనా నాకు అనుమానం రావాల్సింది, నాకు తెలిసింది తక్కువేమోనని.

వాగు దాటాల్సిన చోట నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయి. అడుగున గులకరాయి కనపడేంత తేటగా ఉన్నాయి. బావ ప్యాంటు కూడా మడవకుండా దాటాడు. అవతల పావుగంట ఎక్కితే జలపాతం. దాని అందం వర్ణించను, అలాంటివి అందరూ చూసినవే. స్నానం చేశాం, ఫొటోలు తీసుకున్నాం, బండ మీద చేరగిలపడ్డాం. మేం జలపాతాన్ని చూస్తున్నాం. కుర్రాడు మా కాళ్ళ దగ్గర పారే నీళ్ళను చూస్తున్నాడు. బయల్దేరదామని అడిగినప్పుడల్లా ఇంకో ఐదు నిమిషాలన్నాను. మా మీద చినుకు కూడా పడలేదు.

ముందు ఆకులొచ్చాయి. పచ్చి ఆకులు, చిన్న చిన్న పుల్లలు, నురగ. తర్వాత నీళ్ళు ఎర్రబడ్డాయి. జలపాతం చప్పుడు బొంగురుపోయింది. కుర్రాడు మాట్లాడలేదు. బావ రెక్క పట్టుకుని లేపి, ఒడ్డు పైకి తోశాడు. మేం కూర్చున్న బండ చూస్తుండగానే మునిగిపోయింది.

వాగు దగ్గరికి దిగేసరికి చీలమండ లోతు తొడ లోతైంది. అప్పటికి సాయంత్రం ఐదున్నర. అవతల రోడ్డు, కారు, అక్క. ఇవతల చీకటి పడబోతున్న అడవి. ఫోన్లకు సిగ్నల్ లేదు. మనిషికి తొందర పుట్టేది అక్కడే. ఇంకాసేపాగితే ఇంకా పెరుగుతుంది, ఇప్పుడే దాటెయ్యాలి అని నా బుర్ర ఒకటే పోరు పెట్టింది. సంచిలో మోకు ఉంది, తోటమనిషి అలవాటు. నడుముకు కట్టుకుని ఒకరి తర్వాత ఒకరం దాటదామన్నాను. కుర్రాడు మోకు లాక్కున్నాడు. "కట్టుకోవద్దు సార్. కాలు జారితే ఆ తాడే మిమ్మల్ని నీళ్ళ కింద పట్టుకుంటది" అన్నాడు. చెట్టెక్కేటప్పుడు నడుముకు తాడుంటే ప్రాణానికి భరోసా. పారే నీళ్ళలో అదే తాడు తల పైకి లేవనియ్యదు. ఇది ఆ తర్వాత ఈతలో శిక్షణ ఇచ్చేవాళ్ళను అడిగితే వాళ్ళూ నిజమేనన్నారు.

అయినా దిగాను. తాడు లేకుండానే, అందరికంటే ముందు, పెద్దవాణ్ణి కదా అని. మూడో అడుగు పాకుడు రాయి మీద పడింది. తోలు చెప్పు జారింది. చెట్టు బెరడు మీద నిలబడే పాదం తడి బండ మీద దేనికీ పనికిరాదు. నీళ్ళు నన్ను పక్కకు తిప్పి బండకేసి కొట్టాయి. ఆనుకోబోయిన కుడి మణికట్టు విరిగింది. కుర్రాడు ఒక చేత్తో వెదురు బొంగు నేలకు తన్ని, ఇంకో చేత్తో నా చొక్కా పట్టుకోకపోతే ఇది రాయడానికి నేనుండను. భుజాన ఉన్న సంచి పోయింది. అందులో నా ఫోను, కారు తాళాలు.

ఒడ్డున పడేశాక అతను నన్ను ఒక్క మాట అనలేదు. వెదురు పుల్ల ఒకటి విరిచి నీటి అంచున గుచ్చాడు. అంతే, దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. పుల్ల మునిగితే వాగు పెరుగుతున్నట్టు, పుల్లకూ నీటికీ ఎడం వస్తే తగ్గుతున్నట్టు. కాసేపటికి మునిగింది. ఇంకోటి పైన గుచ్చాడు. అదీ సగం మునిగింది. చీకటి పడ్డాక మేనల్లుడు ఫోన్ టార్చి వేసి చూస్తుంటే రెండో పుల్ల మొదలు బయటపడింది. అక్కణ్ణుంచి మొదటి పుల్ల మళ్ళీ కనపడటానికి ఎక్కువసేపు పట్టలేదు.

అవతల అక్క ఊరుకోలేదు. చీకటి పడుతుండగానే బడ్డీవాణ్ణి వెంటపెట్టుకుని గూడేనికి పోయి మనుషుల్ని లేపింది. టార్చిలైట్లతో నలుగురైదుగురు వచ్చి అవతలి ఒడ్డున నిలబడ్డారు. వాళ్ళూ వాగులో దిగలేదు. అరిచి క్షేమం కనుక్కుని వాళ్ళూ కూర్చున్నారు. రాత్రి పదిన్నరకు నీళ్ళు మోకాలి కిందికి తగ్గాయి. అప్పుడు కూడా కుర్రాడు అందర్నీ ఒకరి భుజాలు ఒకరు పట్టుకోమని, ఎగువకు మొహం పెట్టి, పాదం ఎత్తకుండా జరుపుతూ దాటించాడు. ముందు తను, చేతిలో ఊత బొంగు. ఐదు నిమిషాల పని. ఐదున్నరకే నేను ఓపిగ్గా కూర్చుని ఉంటే ఆ పనికి పట్టేది ఐదు గంటల నిరీక్షణ, ఒక పూట భోజనం. అంతే.

మర్నాడు అతను డబ్బులు ఎక్కువే అడిగాడు. రాత్రి వచ్చినవాళ్ళకూ కలిపి అడిగాడు. ఇచ్చాను.

మణికట్టు కట్టుతో ఆ ఏడాది జూలై, ఆగస్టు గడిచిపోయాయి. కాపు దిగాక ఆ రెండు నెలల్లోనే మామిడికి ఎండుకొమ్మలు, అడ్డదిడ్డంగా పోయిన రెమ్మలు కత్తిరించాలి. చెట్టు గుబురులోకి వెలుతురు దిగితేనే మరుసటి పూత బాగుంటుంది. కత్తిరింపులు దగ్గరుండి చేయించలేకపోయాను. కాపు తగ్గింది. ఇది చిన్న నష్టమే. పెద్ద నష్టాలు చూసినవాళ్ళున్నారు.

చేతికి కట్టుతో ఖాళీగా కూర్చున్నప్పుడు లెక్కలు వేసుకున్నాను. ఘనపు మీటరు నీళ్ళు ఒక టన్ను. కొండవాగు పొంగినప్పుడు సెకనుకు పది ఘనపు మీటర్లు పారడం వింత కాదు. అంటే సెకనుకు పది టన్నులు, నున్న మార్కెట్టుకు నేను తోలే లారీ లోడు ఒకటి సెకనుకొకటి చొప్పున వచ్చి మీద పడటం. పైగా వేగం రెట్టింపైతే నీరు తోసే బలం నాలుగింతలవుతుంది. అమెరికా వాతావరణ శాఖ జనానికి చెప్పే లెక్క ఒకటుంది. జోరుగా పారే నీరు ఆరు అంగుళాలుంటే నిలబడ్డ మనిషిని పడెయ్యగలదు, అడుగుంటే చిన్న కారును మోసుకుపోగలదు, రెండడుగులుంటే చాలా వాహనాలు ఆగవు. నేను దిగింది తొడ లోతులోకి.

నన్ను అన్నింటికంటే బాధించింది ఇంకొకటి. ఈ పాఠం నాకు మారేడుమిల్లిలో దొరకాల్సింది కాదు. మా ఇంటి ముందే ఉంది. మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు ఏడాదిలో ముప్పాతిక భాగం పశువులు నడిచే ఇసుక దారి. పైన వాన దంచితే రాత్రికి రాత్రి వెలగలేరు దగ్గర నిండుగా వస్తుంది. కొల్లేరు చేరేలోపు కనపడిందల్లా ముంచుతుంది. విజయవాడవాళ్ళు దాన్ని తమ దుఃఖదాయిని అని చిన్నప్పట్నుంచీ అంటుంటే విన్నాను. తమ్మిలేరుదీ అదే తంతు. 2024 ఆగస్టు నెలాఖరున వానలు దంచి, సెప్టెంబరు ఒకటో తేదీకి బుడమేరు సింగ్ నగర్ ఇళ్ళలోకి వచ్చినప్పుడు, ఆ కాలనీల్లో చాలామందికి అంత నీరు తమ వీధిలో పడ్డ వానది కాదన్న సంగతి తర్వాత గానీ అర్థం కాలేదు. బుడమేరు తీరు చిన్నప్పట్నుంచీ ఎరిగీ, నేను కొండకు వెళ్ళగానే తోట లెక్కే వేశాను.

అదే సెప్టెంబరు 22న ఏలూరు నుంచి మారేడుమిల్లి వెళ్ళిన వైద్య విద్యార్థులు జలతరంగిణి దగ్గర నీళ్ళలో ఉండగా వాగు ఉన్నట్టుండి పెరిగింది. ఐదుగురు కొట్టుకుపోయారు. ఇద్దర్ని బయటికి తీశారు, ముగ్గురు చనిపోయారు. పేపర్లో ఆ వార్త చదివిన రోజు అక్క ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడకుండా ఉండిపోయింది. మా పిల్లలు చదువులకని పోయిన దేశాల్లోనూ ఇదే కథ. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే స్కాట్లాండులో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్ళపాలయ్యారు. వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. వాళ్ళకు తెలియక జరిగింది. నాకు ఇద్దరు చెప్పాక కూడా జరిగింది.

బతికి బయటపడ్డవాళ్ళ కథ ఎవరూ పెద్దగా చెప్పుకోరు, అందుకని అదీ చెబుతాను. 2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలంలో వీరభద్రవరం అడవిలోని ముత్యాలధార జలపాతానికి వెళ్ళిన 80 మంది దాకా సందర్శకులు తిరిగొచ్చేసరికి దారిలో వాగు పొంగింది. వానలో, చీకట్లో, పిల్లాపాపలతో అడవిలో చిక్కుకున్నారు. దాటే ప్రయత్నం చెయ్యొద్దని పోలీసులు ఫోన్లో చెప్పారు. వాళ్ళు విన్నారు. జాతీయ విపత్తు స్పందన దళం వచ్చి తెల్లారేలోపు అందర్నీ ఇవతలికి చేర్చింది. రాత్రంతా తడిసి, వణికి ఉంటారు. ఎవరి ఇంట్లోనూ ఏడుపు లేదు.

హవాయివాళ్ళు కవాయి దీవిలో హానకాపియై దారికి 2019 నుంచి బయటి సందర్శకులను రోజుకు 900 మందినే, అదీ ముందుగా పేరు రాయించుకుంటేనే పంపుతున్నారని మేనల్లుడు చెప్పాడు. మన మన్యంలోనూ వానాకాలం జలపాతాలకు అలాంటి కట్టడి ఉంటే బాగుంటుంది. గూడెం కుర్రాళ్ళకు శిక్షణ, గుర్తింపు కార్డు ఇచ్చి, వాళ్ళు సరేనంటేనే సందర్శకుణ్ణి లోపలికి వదలాలి. వాళ్ళు కాదంటే కాదే. దానికి కూలి కూడా గట్టిగానే ఇవ్వాలి, ఎందుకంటే వద్దని చెప్పిన రోజు కూడా వాళ్ళు పని చేసినట్టే లెక్క.

ఈ ఏడాది కాయ దిగాక మా వైపు నుంచి మళ్ళీ బళ్ళు బయల్దేరతాయి. వెళ్ళొద్దని అనను. ముందురోజు రాత్రికే మారేడుమిల్లి చేరి పడుకోండి. తెల్లారగానే నడక మొదలుపెట్టి మధ్యాహ్నంలోపు రోడ్డెక్కండి. ఊరివాడు వద్దంటే ఎందుకని అడగకండి. ఒకరిని కారు దగ్గర ఉంచి, ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి వస్తారో చెప్పి వెళ్ళండి. తాళాలు వాళ్ళ దగ్గరే ఉంచండి. తేట నీళ్ళలో ఆకులు, పుల్లలు కనపడితే ఫొటో సగంలో ఉన్నా సరే, ఒడ్డు పైకి ఎక్కేయండి. అప్పటికే వాగు అడ్డం పడితే అంచున ఒక పుల్ల గుచ్చి ఉన్న ఒడ్డునే కూర్చోండి. పైన వాన ఆగితే చిన్న కొండవాగు కొన్ని గంటల్లోనే తగ్గుతుంది.